హెల్పింగ్ వెర్బుల చాప

మొన్న ఆదివారం మా పై అంతస్తు పాప సెల్లు పట్టుకుని మా ఇంటికి దిగింది. వాళ్ళమ్మా నాన్నా పోచారం సాఫ్ట్‌వేర్ క్యాంపస్‌లో ఉద్యోగాలు చేస్తారు, సెలవు రోజు కూడా తలుపులు వేసుకుని మీటింగుల్లో మాట్లాడుతూనే ఉంటారు. నేను రిటైరైన ఇంగ్లీషు టీచర్ని కనుక పాఠం అర్థం కాకపోతే కిందికి వెళ్ళమని చెప్పారట. ఆ సెల్లులో ఒక బొమ్మల పాఠం. మెయిన్ వెర్బు అనే ఎలుగుబంటి కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంటే, హెల్పింగ్ వెర్బులనే చిట్టెలుకలు ఆ కుర్చీని మోస్తూ పాట పాడుతున్నాయి. పాప పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాఠం చెప్పి పంపాను.

నా ఈడు వాళ్ళు, అందులోనూ నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల అద్దె ఇళ్ళల్లో బోర్డు కట్టి నడిపిన చిన్న చిన్న ఇంగ్లీషు మీడియం బళ్ళలో చదివిన వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ళకు ముందే తెలిసిపోయి ఉంటుంది. మిగతా సగం మా అక్కది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని అనిపించలేదు, ఇప్పుడు ఆ ఎలుకలు పాట పాడి గుర్తు చేశాయి కనుక చెబుతున్నాను.

మా చిన్నప్పుడు నాచారంలో పొద్దు సైరన్‌తో మొదలై సైరన్‌తోనే ముగిసేది. మా అమ్మకు గడియారం చూడటం రాదు, ఒక ఫ్యాక్టరీ సైరన్‌కు బియ్యం కడిగి ఇంకో ఫ్యాక్టరీ సైరన్‌కు గంజి వంచేది, ఏనాడూ అన్నం మెత్తబడలేదు. మా నాయిన జనగామ దిక్కు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి, ఒక ఇనుప సామాన్ల కంపెనీలో చేరి, మొదట షెడ్డు ఊడ్చి, తర్వాత మేస్త్రీలకు చాయ్ మోసి, మిషన్లు తుడిచి, ఏళ్ళు గడిచాక లేత్ మిషన్ మీద నిలబడ్డాడు. ఆయన పర్మినెంట్ అయిన రోజున మా గల్లీ అంతా జిలేబీ తిన్నదని అమ్మ చెప్పేది. ఆ ఒక్క దారి ఆయనకు తెలుసు, ఆ దారి ఆయనను మోసం చేయలేదు. అందుకే లోకంలో అన్ని దారులూ అలాగే ఉంటాయని నమ్మాడు.

ఇద్దరు ఆడపిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తానని ఆయన పట్టు పట్టినప్పుడు మా చిన్నాయనలు నవ్వారు. అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది, అప్పటికే నాలుగో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగులో చదివింది, లెక్కల్లో చురుకు, పద్యాలు గడగడా అప్పజెప్పేది. అలాంటి పిల్లను తీసుకొచ్చి ఏబీసీడీలు అరకొరగా వచ్చిన స్థితిలో కొత్త బళ్ళో కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది. నేను మొదటి నుంచీ ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను కనుక నాకు ఆ కష్టం తెలియలేదు.

బడి అంటే బడి కాదు, ఒక పెంకుటింటి ముందు హాలు. మధ్యలో అవతలి మనుషులు లీలగా కనిపించే పాత చీర ఒకటి అడ్డంగా కట్టి ఇవతల మా క్లాసు, అవతల అక్క వాళ్ళ క్లాసు. వెనక రెండు గదుల్లో మేడం కాపురం. మేడం భర్త రైల్వేలో గుమాస్తా, సాయంత్రం వస్తూనే బనియన్ మీద పేపరు చదివేవాడు. మేడం పొడుగ్గా, ఇస్త్రీ చీరలో, జడలో ఎప్పుడూ ఒక పువ్వుతో ఉండేది. ఇంగ్లీషు గ్రామరు ఆవిడ బాగా చెప్పేది. ఈ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు, కానీ రాయకపోతే అబద్ధమవుతుంది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు చెప్పిన వెర్బులన్నీ ఆ చీర ఇవతల కూర్చుని నేర్చుకున్నవే.

ఆవిడ పద్ధతి ఏమిటంటే, పిల్లల్నే వెర్బులుగా చేసి కూర్చోబెట్టేది. ప్రతి సోమవారం డిక్టేషన్ పెట్టి, బాగా రాసిన వాళ్ళను మెయిన్ వెర్బులని ముందు బెంచీల మీద, ఒక మాదిరి వాళ్ళను లింకింగ్ వెర్బులని వెనక బెంచీ మీద, తప్పులు రాసిన వాళ్ళను హెల్పింగ్ వెర్బులని గుమ్మం దగ్గర ఈత చాప మీద కూర్చోబెట్టేది. ఇంతవరకే అయితే ఎవరైనా మెచ్చుకోవలసిన పద్ధతే. అయితే చాప మీది పిల్లలు పేరుకు తగ్గట్టు ఉండాలని ఆవిడ కోరిక. కుండలో నీళ్ళు నింపాలి, బోర్డు తుడవాలి, ముందు బెంచీల వాళ్ళ పెన్సిళ్ళు చెక్కి ఇవ్వాలి, మధ్యాహ్నం వాళ్ళ టిఫిన్ డబ్బాలు కడగాలి. అన్నిటికంటే ముఖ్యం, హెల్పింగ్ వెర్బు వాక్యంలో ఒంటరిగా నిలబడదు కనుక, చాప మీది పిల్ల ఒంటరిగా నోరు విప్పకూడదు. ఏదైనా అడగాలంటే ముందు ఒక మెయిన్ వెర్బు పిల్లను బతిమాలుకుని, ఆ పిల్ల పక్కన లేచి నిలబడి తన తరఫున అడిగితేనే మేడం వినేది.

అక్క చాప దాటింది లేదు. ఒక సోమవారం అక్కకు ఒక్క తప్పూ రాలేదు. చూసి రాసిందని మేడం మళ్ళీ అక్కడే కూర్చోబెట్టింది. ఆ చాప మీద చూసి రాయడానికి ఎవరున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఒక రోజు మధ్యాహ్నం అక్కకు బయటికి వెళ్ళవలసి వచ్చింది. ముందు బెంచీలో ఒక బట్టల దుకాణం వాళ్ళమ్మాయి ఉండేది, ఆ పిల్లను సైగలతో బతిమాలింది. ఆ పిల్లకు ఆట పట్టింది, లేస్తున్నట్టు లేచి మళ్ళీ కూర్చుంది, పక్క పిల్ల కూడా అలాగే చేసింది, బెంచీ బెంచీ కిసకిసలాడింది. మేడం చూసింది. చూసి, చూడనట్టు బోర్డు మీద రాసుకుంటూ పోయింది. చివరికి చాప తడిసింది.

మేడం కొట్టలేదు. కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆ రోజు వాక్యాలన్నీ మా అక్క మీదే చేద్దామంది. ముందు బెంచీ పిల్లలు ఒక్కొక్కరూ లేచి షీ అని ఆగాలి, మధ్యలో అక్క తన మాట అందించాలి, తర్వాత వాళ్ళు ఏడుస్తోంది అనో, ఉతుకుతోంది అనో, చాప పిండుతోంది అనో ఇంగ్లీషులో పూర్తి చేయాలి. అక్క తడి గౌనుతో గుమ్మం దగ్గర నిలబడి చాప ఉతుకుతూనే, షీ అని వినపడగానే ఈజ్ అని అందించింది. కాలం మార్చి అడిగితే వాజ్ అంది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నేను చీర ఇవతల కూర్చుని అన్నీ విన్నాను, వాక్యాలన్నీ నాకు కంఠస్థం వచ్చాయి, ఇప్పటికీ పోవు. సాయంత్రం ఆ చాప వీధిలోకి కనిపించేలా ప్రహరీ గోడ మీద ఆరేయించింది.

ఇంటికి వస్తూనే నాయినకు అంతా చెప్పాను, వెక్కి వెక్కి చెప్పాను. అక్క మూలకు ముఖం తిప్పుకుని నిలబడింది. నాయిన మొత్తం విని నా చెంప ఛెళ్ళుమనిపించాడు.

“పంతులమ్మ మీద చాడీలు జెప్తవా? నేను లేతు ముట్టక ముందట ఎన్నొద్దులు చాయ్ మోసిన్నో నీకేమెర్క. మేస్త్రీ మీద చాయ్ ఒలికితే నా చొక్కతోనే తుడిపిచ్చిండు. గా మేస్త్రీనే నాకు మిషిన్ చేతికిచ్చిండు.”

తర్వాత అక్కను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. కొత్తగా వచ్చిన వాళ్ళకు అంతటా ఇలాగే ఉంటుందని, తుడవగా తుడవగానే మిషను లోపలి సంగతి తెలుస్తుందని, చెప్పిన పని చెప్పినట్టు చేస్తూ పోతే మేడమే ఏదో ఒక రోజు పిలిచి ముందు బెంచీ మీద కూర్చోబెడుతుందని చెప్పాడు. ఆయన ప్రేమతోనే చెప్పాడు. అందుకే నాకు మేడం మీద కన్నా నాయిన మీదే కోపం ఎక్కువ. మేడం మా అక్కను ఏడిపించింది, అంతే. ఆ ఏడుపును ఓర్చుకుంటే బాగుపడతావని నమ్మించింది మాత్రం నాయిన.

అక్క నమ్మింది. మర్నాటి నుంచి చెప్పకముందే బోర్డు తుడిచేది, డబ్బాలు మిలమిల మెరిసేలా తోమేది, పెన్సిళ్ళు సూదుల్లా చెక్కేది. ఆ శ్రద్ధ చూసి మేడం అక్కను వెనక గదుల్లోకి పిలవడం మొదలుపెట్టింది. ముందు కూరగాయలు తరగడానికి, తర్వాత అంట్లకు, ఆ తర్వాత మేడం చంటిపిల్లాడు ఏడిస్తే ఎత్తుకోవడానికి. కొన్నాళ్ళకు చాప మీద కూడా అక్క కనిపించేది కాదు, హాజరు పలికి లోపలికి వెళ్ళిపోయేది. హాల్లో పాఠం జరుగుతుంటే వెనక నుంచి గిన్నెల చప్పుడు వినిపించేది, ఆ చప్పుడు ఆగిందంటే అక్క తలుపు దగ్గరికి వచ్చి పాఠం వింటున్నదని నాకు తెలిసేది. ఆ సంగతి మేడంకూ తెలిసేది, పాఠం ఆపకుండానే అక్క పేరు పెట్టి పిలిచేది, గిన్నెలు మళ్ళీ మోగేవి.

నాయిన మాత్రం గల్లీలో కనిపించిన వాళ్ళందరికీ, మేడం మా పెద్ద బిడ్డను ఇంట్లనే పెట్టుకుని నేర్పుతున్నదని చెప్పుకున్నాడు. ఆయన కంపెనీలో మేస్త్రీ ఎవరినైనా ఇంటి పనులకు పిలిచాడంటే వాడికి త్వరలో మిషను దొరుకుతుందని లెక్క. బడి వార్షికోత్సవానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, స్టేజీ మీద మెయిన్ వెర్బులు పాటలు పాడుతుంటే, అక్క కుర్చీలు మోస్తూ అతిథులకు మంచినీళ్ళు అందిస్తుంటే, ఆ కుర్చీలు మోసే పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. చివర్లో మేడం వచ్చి, మీ పెద్దమ్మాయి లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదండీ అంది. ఆ ఒక్క మాటను నాయిన కొన్ని నెలల పాటు తినీ తాగీ బతికాడు.

అమ్మ ఈ మాటలేవీ నమ్మలేదు. అమ్మ అక్క చేతులు చూసింది. బూడిదతో తోమి తోమి వేళ్ళ సందులు పగిలి ఉండేవి, కొబ్బరి నూనె రాస్తూ ఒక రోజు నాయినకు వినపడేలా అంది.

“మనింట్ల గిన్నెలు నేనే తోముకుంటున్న. నా బిడ్డ ఎవలింట్ల తోముతున్నదో.”

నాయిన కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

అప్పట్లో ఏడో తరగతికి పెద్ద పరీక్ష ఉండేది, బయటి బడిలో కూర్చుని రాయాలి. అది పాసైతే హైస్కూలు. అక్క ఏడుకు వచ్చింది, ఎలా వచ్చిందో మేడంకే తెలియాలి, ఏటా పై క్లాసులోకి నెట్టేది. ఆ పరీక్ష రాసే వాళ్ళందరినీ చివరి నెలల్లో బెంచీల మీద కూర్చోబెట్టి చదివిస్తారు కదా, ఇంక తన వంతు వచ్చేసిందని అక్క రోజులు లెక్కపెట్టుకుంది. ఆకుపచ్చ రిబ్బన్లు రెండు కొనిపించుకుని, ముందు బెంచీ మీద కూర్చున్న రోజున కట్టుకుంటానని దాచుకుంది. సరిగ్గా అప్పుడే అక్కకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, గుమ్మానికి వేపమండలు, చల్లన్నం. జ్వరంలో కూడా మేడం ఇంట్లో చంటివాడికి పాలు కలిపేవాళ్ళెవరని అడిగేది.

తగ్గి బడికి వెళ్ళేసరికి వెనక గదుల్లో చాప మీది ఇంకో పిల్ల గిన్నెలు తోముతోంది. అక్కను హాల్లోకి కూడా రానివ్వకుండా మేడం టీసీ చేతిలో పెట్టి పంపింది. ఈ పిల్ల పరీక్ష రాస్తే తప్పుతుంది, తప్పితే బడి పేరు పోతుంది, అందుకని.

నాయిన షిఫ్టు దిగి ఒంటి మీద ఖాకీ చొక్కాతోనే బయలుదేరాడు, నేను వెంటపడ్డాను. కొట్లాడతాడేమోనని నా ఆశ. మేడం గుమ్మంలో నిలబడింది. నాయిన చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడి అడిగాడు.

“ముందటి బెంచీ మీదికి ఎప్పుడు తీస్కుందామనుకున్నరు మేడం? ఇంక జరంతనే ఉండెనా?”

మేడంకు మొదట అర్థం కాలేదు. నాయిన ఓపిగ్గా తన కంపెనీ సంగతి చెప్పాడు, చాయ్ మోసిన సంగతి, మిషన్లు తుడిచిన సంగతి, పర్మినెంట్ అయిన సంగతి, తన బిడ్డ కూడా అలాగే ఇన్నేళ్ళు చేసిందని, చెయ్యాల్సింది ఇంకా ఏమైనా మిగిలి ఉంటే చేయిస్తానని. వింటూ వింటూ మేడం ముఖం విప్పారింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి తిరిగి భర్తను పిలిచింది.

“ఏమండీ, ఒక్కసారి ఇలా రండి. ఈయన ఏమంటున్నాడో మీరూ వినాలి.”

ఆయన బనియన్‌తో బయటికి వచ్చాడు. మేడం నాయినను మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. నాయిన మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. వాళ్ళిద్దరూ నవ్వారు, నాయిన కూడా ఎందుకో తెలియకుండానే వాళ్ళతో పాటు నవ్వాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లాగాను గానీ ఆయన కదల్లేదు. వాళ్ళు నవ్వడం అయ్యేదాకా మర్యాదగా అక్కడే నిలబడ్డాడు.

దారిలో కంపెనీల గోడ పక్కన నడుస్తూ ఉండగా నాయిన ఉన్నట్టుండి ఆగి, నాకు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు, నాగా పడ్డది గదా అన్నాడు. ఆయన ముఖంలో బరువు దిగిపోయినట్టు కనిపించింది. పర్మినెంట్ చేయబోయే ముందు పనికి రాకుండా నాగా పెట్టిన వాళ్ళను కంపెనీలో ఉంచరు, ఇది ఆయనకు తెలిసిన లెక్క. ఇంటికి వచ్చి అక్కకు అదే చెప్పాడు.

“అన్నొద్దులు ఓర్సుకొని ఆఖర్ల నాగా వెడితివి. ఎవడైనా గట్లనే తీసేస్తడు బిడ్డా.”

అక్క ఏడ్చింది. మేడంను తలుచుకుని ఏడ్చిందనుకుంటే పొరపాటు. ఆ అమ్మవారు ఇంకొన్ని రోజులు ఆగి పోయలేదని ఏడ్చింది.

హైస్కూలుకు వెళ్ళింది నేనొక్కదాన్నే. అక్క ఆ ఎండాకాలమే నాచారంలో మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీలో చేరింది, పెళ్ళయ్యాక కూడా మానలేదు, మోకాళ్ళు పనికిరాకుండా పోయేదాకా అక్కడే చేసింది. అంత కాలంలో అక్క నాగా పెట్టలేదు. కాన్పులకు ముందు రోజు దాకా వెళ్ళింది. మా నాయిన దవాఖానాలో పోయిన రోజు కబురు వెళ్ళినా షిఫ్టు పూర్తి చేసుకునే వచ్చింది, అప్పటికి పాడె కట్టడం కూడా అయిపోయింది. ఆ కంపెనీ అక్కను పర్మినెంట్ చేయలేదు, కాంట్రాక్టు మీదే ఉంచి, కాంట్రాక్టు మీదే పంపించింది.

ఇప్పుడు బళ్ళు మారాయి, కాదనను. పిల్లల మీద చెయ్యి పడితే తల్లిదండ్రులు ఊరుకోరు, పాఠాలు రంగురంగుల బొమ్మల్లో వస్తాయి, తప్పు రాసినా చప్పట్లు కొడుతుంది ఆ సెల్లు. నేను కూడా నా సర్వీసంతా పిల్లల్ని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోమన్నాను. ఈ మార్పంతా చూసి సంతోషించాలనే ఉంటుంది, తీరా సంతోషించబోతే మా అక్క గుర్తొస్తుంది.

అక్క దమ్మాయిగూడలో కొడుకు దగ్గర ఉంటున్నది. పోయిన నెల వెళ్ళినప్పుడు మాటల్లో ఆ బడి సంగతి వచ్చింది. ముందు బెంచీ ఇంక జరంతలో దక్కేదని అక్క ఎప్పటిలాగే అంది. ఇన్నేళ్ళకు ఒక్కసారైనా నిజం చెప్పాలని నేను కుదురుగా కూర్చుని చెప్పాను. మేడం ఇంటి పనికి తీసుకున్న పిల్లల్లో ఒక్కరిని కూడా ఏనాడూ బెంచీ మీద కూర్చోబెట్టలేదని, నువ్వున్నప్పుడూ నీ తర్వాతా ఎవరినీ పిలవలేదని, ఏడో తరగతి దాకా అక్కడే చదివిన నాకు బాగా తెలుసని. అక్క పూర్తిగా విన్నది. కోపం తెచ్చుకోలేదు. నాకు తెలియని సంగతి నాకు చెబుతున్నట్టు, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

“వాళ్ళందరు నడిమిట్లనే నాగా వెట్టి పోయిన్రు గద చెల్లె. ఆఖరుదాక ఎవ్వలున్నరు? నాకు అమ్మవారు పొయ్యకపోయుంటే నేనొక్కదాన్ని ఉంటుంటి.”